తాళం వేసిన బీరువా: గ్రంథస్వామ్యమూ విద్యార్థి హక్కూ

శంషాబాదు చుట్టుపక్కల ఒక డిగ్రీ కళాశాలలో నేను తెలుగు పాఠం చెబుతున్నాను. మా గ్రంథాలయంలో గుమాస్తా బల్ల వెనుక ఒక ఇనుప బీరువా వుంది. పాఠ్యప్రణాళికలో నిర్ణయించిన పుస్తకాలు ఒక్కొక్క ప్రతి చొప్పున అందులో వుంటాయి. వాటిని రిజర్వు పుస్తకాలంటారు. ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని చదివి, సాయంత్రం నాలుగున్నరకు అప్పగించాలి. అందరికీ అందాలని పెట్టిన నియమమే అది. నలభైమందికి ఒకే ప్రతి వున్నప్పుడు ఒక్కరు దాన్ని పదిహేను రోజులు ఇంట్లో పెట్టుకోకూడదు గదా!

పోయిన సంవత్సరం ఒక విద్యార్థి ఆ బల్ల దగ్గర నిలబడి వుండగా చూశాను. అతనికి కావలసింది ఒక విమర్శ గ్రంథంలో ముప్పై పుటల వ్యాసం. "రాత్రి ఎయిర్‌పోర్టు కార్గోల డ్యూటీ సార్. పొద్దున క్లాసు. పగటిపూట గంటసేపన్న పండకపోతే రాత్రి నిలవడలేను. ఈడ కూసొని ఎప్పుడు చదవాలె?" అన్నాడు. జిరాక్సు తీసి ఇవ్వమని నేనడిగాను. గ్రంథపాలకుడు చేతులు జోడించాడు. "కాపీరైటు కేసయితది సార్. నా నౌకరి పోతది" అన్నాడు. ఆయన దుర్మార్గుడు కాడు, భయస్థుడు. ఆనాడు నా దగ్గర జవాబు లేదు. తెలుగు ఎం.ఏ. చదివిన నాకు చట్టంలో ఏముందో తెలియకపోవడమే అందుకు కారణం. ఆలస్యంగా చెబుతున్న జవాబే ఈ వ్యాసం.

పుస్తకానికి తాళం వేయడం మన హైదరాబాదుకు కొత్త కాదు. 1891లో నెలకొన్న ఆసఫియా గ్రంథాలయం అరబీ, పారసీ, ఉర్దూ గ్రంథాలకు పేరుపొందింది. కాని సంస్థాన ప్రజల్లో పెద్ద భాగానికి మాతృభాష అయిన తెలుగుకు రాజ్యంలో చోటు లేదు. ఆ లోటు తీర్చడానికి 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు అందుకు పూనుకున్నారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా మండలి వచ్చాయి. చరిత్రనూ శాస్త్రాలనూ తెలుగులో అచ్చువేసి సామాన్యుడి చేతికి అందించాలన్నది మండలి ఆశయం. తరువాతి తరంలో వట్టికోట ఆళ్వారుస్వామి వంటింట్లో పనిచేస్తూ అక్షరాలు దిద్దుకున్నాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి పుస్తకాలు మోసుకుని వూరూరా తిరిగి అమ్మాడు. గ్రంథాలయం పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కోసం పడిగాపులు పడవలసిన రోజులవి. ఈ గడ్డమీద గ్రంథాలయం ప్రభువుల దయాధర్మంగా రాలేదు. ప్రజలు చందాలు వేసుకుని, పోట్లాడి తెచ్చుకున్నారు.

విశ్వవిద్యాలయం కథ మరొక తీరు. 1918లో ఉస్మానియా వెలిసింది. దానికి పాఠ్యగ్రంథాలు సమకూర్చడం కోసం అంతకు ముందే, 1917లో, అనువాద శాఖ 'దారుల్ తర్జుమా'ను నెలకొల్పారు. ఇంగ్లీషు శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి మార్చి ప్రభుత్వమే అచ్చువేయించింది. భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమేనని నిరూపించిన పని అది. తెలుగు, మరాఠీ, కన్నడ పిల్లలు మాత్రం గడప అవతలే నిలబడిపోయారు. తెలుగులో కళాశాల స్థాయి పుస్తకాల కోసం ప్రభుత్వం తెలుగు అకాడమీని నెలకొల్పింది 1968లో. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది: పాఠ్యపుస్తకం విద్యార్థికి అందేటట్టు చూడటం సమాజం బాధ్యత అని పాలకులు సైతం ఒప్పుకోక తప్పలేదు. అది పూర్తిగా బజారు సరుకు ఎన్నడూ కాలేదు.

మరి గ్రంథస్వామ్యం మాటేమిటి? దాని పుట్టుకలోనే గ్రంథాలయం వుంది. ఇంగ్లండులో 1710లో వచ్చిన మొదటి శాసనం విద్యాభివృద్ధి కోసమని తన పేరులోనే చెప్పుకున్నది; గ్రంథకర్తకు కొన్నేళ్లపాటు హక్కునిచ్చి, అందుకు బదులుగా తొమ్మిది గ్రంథాలయాలకు ప్రతులు దాఖలు చేయాలన్నది. మన దేశానికి కంపెనీ పాలనలో 1847లో ఒక చట్టం వచ్చింది. 1914లో మరొకటి వచ్చింది. స్వతంత్ర భారతం చేసుకున్నది 1957 నాటి చట్టం. 1958 జనవరి 21 నుంచి అది అమలులో వుంది. రచయిత మరణానంతరం యాభై ఏళ్లుగా వున్న హక్కు 1992 సవరణతో అరవై ఏళ్లయింది.

ఈ చట్టంలోని 52వ సెక్షనును ప్రతి అధ్యాపకుడూ చదవాలి. ఏయే పనులు గ్రంథస్వామ్య ఉల్లంఘన కావో అందులో వరసగా చెప్పారు. బోధన సందర్భంలో ఉపాధ్యాయుడు గాని, విద్యార్థి గాని ఒక రచనకు ప్రతి తీసుకోవడం ఉల్లంఘన కాదు. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన వాడకం కోసం మూడు ప్రతుల వరకు తీసుకోవడమూ ఉల్లంఘన కాదు. ఇవి ఎవరో జాలిపడి విదిల్చినవి కావు. వలస పాలన నుంచి బయటపడ్డ దేశాలకు పుస్తకాలు అందాలంటే గ్రంథస్వామ్య నియమాలు సడలాలని 1967లో స్టాక్‌హోంలోనూ, 1971లో పారిస్‌లోనూ జరిగిన అంతర్జాతీయ సభల్లో గట్టిగా వాదించిన దేశాల్లో మనదీ ఒకటి. బోధన కోసం విదేశీ గ్రంథాలను తక్కువ ధరకు అచ్చువేసుకునే లైసెన్సులు 1983లో మన చట్టంలో చేరినవి ఆ వాదన ఫలితంగానే.

ఆ సెక్షనుకు అగ్నిపరీక్ష 2012లో ఎదురైంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో రామేశ్వరి అనే చిన్న జిరాక్సు దుకాణం వుంది. అధ్యాపకులు సూచించిన అధ్యాయాలను పాఠ్యసంచికలుగా కుట్టి, పుటకు కొద్ది పైసల చొప్పున విద్యార్థులకు అమ్మేవారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు ఆ దుకాణంమీదా విశ్వవిద్యాలయంమీదా దావా వేశాయి. విద్యార్థులూ అధ్యాపకులూ సంఘాలుగా ఏర్పడి తమనూ ప్రతివాదులుగా చేర్చుకోమన్నారు. ఆ సంచికల్లో తమ రచనలున్న పండితులే కొందరు దావాను వ్యతిరేకించారు. అమర్త్యసేన్ వారిలో ఒకరు. 2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు దావాను కొట్టివేసింది. డిసెంబరు 9న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం కొన్ని వాస్తవాంశాలను తిరిగి విచారణకు పంపినా, మూలసూత్రాన్ని నిలబెట్టింది: పుస్తకంలో ఇంత శాతమే అని లెక్క లేదు, బోధనకు ఎంత అవసరమో అదే కొలత. మరుసటి మార్చిలో ప్రచురణకర్తలు దావా ఉపసంహరించుకున్నారు. 2017 మేలో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. రచయితల పత్రికలో అది రాక తప్పదు. "తెలుగు రచయిత తన డబ్బుతో ఐదువందల ప్రతులు అచ్చువేసుకుని, అవి అమ్ముడుపోక అటకమీద పెట్టుకుంటున్నాడు. అతని నోటి దగ్గరి కూడు లాక్కుంటారా?" అంటారు. న్యాయమైన ప్రశ్న. పుస్తకం మొత్తాన్ని అచ్చొత్తి బజారులో అమ్ముకునే దొంగ వ్యాపారాన్ని నేను సమర్థించను, చట్టమూ సమర్థించదు. అయితే ఆ ఐదువందల ప్రతులు అటకమీద వుండటానికి కారణం మా విద్యార్థి జిరాక్సు తీసుకోవడమా? కళాశాలలు తెలుగు పుస్తకాలు కొనకపోవడమా? ఇంటిపన్నుతో పాటు జనం గ్రంథాలయ పన్ను కడుతూనే వున్నారు. ఆ డబ్బు పుస్తకాలుగా మారి తిరిగి వాళ్ల దగ్గరికి రావాలని మనం గట్టిగా అడగడం లేదు. రచయిత కూడు గ్రంథాలయం పెట్టే ఆర్డరులో వుంది. ముప్పై పుటల నకలును నిషేధిస్తే అతనికి ఒరిగేదేమీ లేదు.

ఆస్తిహక్కు పవిత్రమంటారు. మా ప్రాంతం దాని సంగతి ఎరుగును. శంషాబాదులో 2008 మార్చిలో తెరిచిన విమానాశ్రయం సుమారు 5,500 ఎకరాలలో వుంది. ఆ భూముల్లో పల్లెలుండేవి, పొలాలుండేవి. రైతు మడిచెక్క తీసుకోవలసి వచ్చినప్పుడు 1894 నాటి భూసేకరణ చట్టం 'ప్రజాప్రయోజనం' అన్నది; ఆస్తిహక్కు పక్కకు తప్పుకున్నది. అదే వూళ్ల పిల్లవాడు ఆ విమానాశ్రయంలోనే రాత్రంతా పెట్టెలు మోసి, పొద్దున్నే వచ్చి ముప్పై పుటలు అడిగితే ప్రజాప్రయోజనం ఎవరికీ గుర్తు రాదు. భూమి విషయంలో వంగిన చట్టం పుస్తకం విషయంలో వంగదనుకోవడం మన అజ్ఞానం. ఇక్కడ అది వంగనక్కరలేదు కూడా. విద్యార్థి హక్కును రాసిపెట్టే వుంచింది.

కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో 'ఒకే దేశం, ఒకే చందా' అనే పథకానికి మూడేళ్లకు ఆరువేల కోట్ల రూపాయలు కేటాయించింది. ముప్పై మంది పెద్ద ప్రచురణకర్తల పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతాయి. మంచిదే. కాని అది ప్రధానంగా ఇంగ్లీషు పరిశోధన పత్రికల మాట. తెలుగు చదువుకునే డిగ్రీ విద్యార్థి బీరువా తాళం దానితో వూడదు.

అందుకు చేయవలసిన పనులు చిన్నవి. ప్రతి రిజర్వు పుస్తకం కనీసం ఐదు ప్రతులు కొనాలి. గ్రంథాలయం మూసే వేళకు ప్రతులను రాత్రికి ఇచ్చి, ఉదయం తీసుకోవాలి. పాఠానికి కావలసిన అధ్యాయాలను అధ్యాపకుడు సంతకం చేసి సూచిస్తే నకలు తీసివ్వాలి. బజారులో దొరకని పాత పుస్తకాలకు చట్టం అనుమతించిన ప్రతులు తీసి భద్రపరచాలి.

నేను 52వ సెక్షను అచ్చుప్రతి పట్టుకుని మళ్లీ గ్రంథపాలకుడి దగ్గరకు వెళ్లాను. ఆయన రెండుసార్లు చదివాడు. "మీరు రాసియ్యండి సార్, ఫైల్ల పెట్టుకుంట" అన్నాడు. రాసి, పాఠం పేరు వేసి, సంతకం చేసి ఇచ్చాను. ఆయన బీరువా తీసి పుస్తకం బయట పెట్టాడు. ఆ సాయంత్రం విద్యార్థి ముప్పై పుటలు మడిచి సంచిలో పెట్టుకుని డ్యూటీకి వెళ్లాడు.

ఒక్క కాగితంతో ఒక్క పిల్లవాడి పని జరిగింది. బీరువా మాత్రం ఇంకా అక్కడే వుంది. సాయంత్రానికి మళ్లీ తాళం పడుతుంది. ప్రతి కళాశాలలోనూ అటువంటిది ఒకటి వుంటుంది. అధ్యాపక మిత్రులారా, మీ బీరువా దగ్గరకు ఒకసారి వెళ్లి చూడండి. వెళ్లేటప్పుడు ఆ సెక్షను వెంట తీసుకువెళ్లండి.