ఐదొందల మైళ్ల ఏడడుగులు

1924 ఆగస్టు 19. తెల్లవారుజామున మూడు కావస్తోంది. అలాస్కాలో యూకాన్ నది ఒడ్డున ఆన్విక్ అనే చిన్న పల్లె. అక్కడ దుంగలతో కట్టిన చర్చిలో ఓ పెళ్లి జరుగుతోంది. పెళ్లికూతురు మార్డీకి ముందురోజే 22 ఏళ్లు నిండాయి. పెళ్లికొడుకు ఓలాస్ మ్యూరీకి 35. ఆమె ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి స్టీమరులో నది వెంట దిగి వచ్చింది. అతను సముద్రతీరంలో నీటిపక్షులపై పరిశోధన ముగించుకుని ఎదురొచ్చాడు. పెళ్లికి కుదిరిన ముహూర్తం అదే!

ఏడో అడుగుతో ఆలుమగలు స్నేహితులవుతారని మన పెళ్లిళ్లలో చెబుతారు. ఈ జంట స్నేహం ముడిపడింది మాత్రం ఐదొందల మైళ్లకు పైగా సాగిన ప్రయాణంలో. కొంత పడవ మీద, కొంత కుక్కలు లాగే బండితో, కొంత కాలినడకన. హనీమూన్‌కు వాళ్లు వెళ్లింది ఉత్తరాన బ్రూక్స్ పర్వతాలకు. అక్కడ కారిబూలు ఉంటాయి మరి.

అడుగుజాడల చదువు

కారిబూ మంచుదేశపు దుప్పి. ఆడవాటికి కూడా కొమ్ములుంటాయి. మంద కదిలిందంటే కొండలే కదిలినట్టుంటుంది. ఆ మందలు ఏ కనుమ దాటి ఎటు వెళ్తాయో తెలుసుకోవడం ఓలాస్ ఉద్యోగం. ప్రభుత్వ బయలాజికల్ సర్వే తరఫున 1920 నుంచీ అదే పని మీద తిరుగుతున్నాడు. ఇప్పుడా దారిలో భార్య కూడా తోడైంది.

కోయుకుక్ నది పొడవునా చెట్లు పసుపుపచ్చగా మారి, రాలి, మోడులయ్యాయి. నది గడ్డకట్టాక కుక్కలకు పట్టీలు కట్టి బండి కదిలించారు. కుక్కల బండి అంటే హాయిగా కూర్చుని సాగిపోవడమని మనం అనుకుంటాం. కానీ బండి నిండా సామానే. చాలా దూరం మనుషులు వెనకాలే పరుగెత్తాలి. ఊపిరి బయటికొస్తూనే మంచుపొడిగా మారి కనురెప్పల మీద పేరుకునే చలి అది.

అలాస్కా వ్యవసాయ కళాశాల నుంచి పట్టా అందుకున్న తొలి మహిళ మార్డీ. ఆ పట్టా చేతికొచ్చిన ఏడాదే మంచు మీద ఆమె రెండో చదువు మొదలైంది. ఎదురెదురుగా రెండు నెలవంకలు, వెనక రెండు చుక్కలుంటే కారిబూ. నాలుగు వేళ్లు, వాటి ముందు గోళ్ల గుర్తులుంటే తోడేలు. ఓలాస్ వంగి చూసిన ప్రతి జాడనూ ఆమె పక్కనే వంగి చూసింది. కూడా వెళ్లడమంటే వెనక నడవడం కాదని, కలిసి చూడడమని ఆ శీతాకాలం ఆమెకు నేర్పింది.

పడవలో పసివాడు

రెండేళ్లకు, 1926 వేసవిలో, ఓల్డ్ క్రో నది మీద మరో ప్రయాణం పడింది. ఈకలు రాల్చి కొత్తవి మొలిచేదాకా అడవి బాతులు ఎగరలేవు. ఆ కొద్ది రోజుల్లోనే వాటిని పట్టుకుని కాళ్లకు గుర్తు కడియాలు తొడగాలి. ఈసారి పడవలో పది నెలల కొడుకు మార్టిన్ కూడా ఉన్నాడు.

సగం దారిలో మోటారు విరిగిపోయింది. బాగుచేసేవాడు దరిదాపుల్లో లేడు. వెనక్కి తిప్పితే ప్రవాహమే ఇంటి వైపు మోసుకుపోతుంది. వాళ్లు వెనక్కి తిరగలేదు. గెడలు వేస్తూ, లోతు లేనిచోట ఒడ్డున దిగి తాడుతో లాగుతూ, దాదాపు 250 మైళ్లు ఏటికి ఎదురెక్కారు. దోమలు పొగలా కమ్మేవి. అన్నం ముద్ద నోట పెట్టుకోవాలన్నా ముఖం మీది వల ఎత్తక తప్పదు, ఎత్తిన క్షణంలో దోమలు లోపల! ఆ వలల మాటునే పసివాడికి పాలు, నిద్ర, ఆట. మార్డీ తల్లి కాబట్టి భయపడింది, సహచరి కాబట్టి సాగింది.

మరుసటి ఏడాది ఎల్క్ దుప్పుల అధ్యయనం కోసం ఓలాస్‌ను వ్యోమింగ్‌లోని జాక్సన్ హోల్ లోయకు పంపారు. ముగ్గురు పిల్లలూ వేసవులు గుడారాల్లో గడుపుతూ పెరిగారు. అలా దాదాపు మూడు దశాబ్దాలు గడిచాయి. 1954లో ఓలాస్‌కు క్షయ సోకింది. కొండలెక్కిన మనిషి మంచం పట్టాడు. కోలుకున్నాడు కానీ మళ్లీ ఆ ఉత్తరపు కొండలు చూడగలడా?

షీన్‌జెక్ లోయలో రంగులు

1956 వేసవి. బ్రూక్స్ పర్వతాల దక్షిణపు వాలులో షీన్‌జెక్ నది లోయ. చిన్న విమానం వాళ్లను దించి వెళ్లిపోయింది. ఓలాస్‌కు 67, మార్డీకి 53. వెంట ముగ్గురు యువ శాస్త్రజ్ఞులు: బ్రినా కెసెల్, బాబ్ క్రియర్, జార్జ్ షాలర్. ఆ 23 ఏళ్ల షాలరే తర్వాత మన కన్హా అడవికి వచ్చి పులుల మీద పేరెన్నికగన్న పరిశోధన చేశాడు. మొదటి విడిది పక్కన ఉన్న సరస్సుకు వాళ్లు లోబో అని పేరు పెట్టుకున్నారు. స్పానిష్‌లో తోడేలు.

ఆ నేల మీద నడక అంత తేలిక కాదు. మోకాలెత్తు గడ్డి దుబ్బులు, వాటి మధ్య నీటి గుంటలు. దుబ్బు మీద కాలు పెడితే ఒరుగుతుంది, పక్కన పెడితే దిగబడుతుంది. కానీ తల వంచి చూస్తే అదే నేల పూలతోట. ఆ దుబ్బుల చివర పగిలిన పత్తికాయల్లా తెల్లటి దూది కుచ్చులు. జానెడు ఎత్తు దాటని పొదలకు ఊదారంగు పూలు. గాలికి తల వంచి, రాతిని కరుచుకుని, దిండులా అల్లుకున్న గులాబీ పూల మొక్క. బండల మీద నారింజ రంగు పాచి. జూన్‌లో అక్కడ సూర్యుడు అస్తమించడు. అర్ధరాత్రి ఏటవాలు వెలుగులో ఆ రంగులన్నీ ఇంకా చిక్కబడతాయి.

ఓ రోజు కారిబూలు వచ్చాయి. ముందు ఎదుటి వాలు మీద గోధుమరంగు మరక. ఆ తర్వాత శబ్దం. కారిబూ నడుస్తుంటే పాదంలో స్నాయువు ఎముక మీద జారి టిక్కుమంటుంది. ఒక్కటైతే గడియారం చప్పుడు. వేలు కలిసి నడిస్తే వడగళ్లు రాలినట్టుంటుంది. మధ్యమధ్య తల్లుల గుర్రుమనే పిలుపులు, కూనల జవాబులు. 32 ఏళ్ల కిందట ఏ జాడలు వెతుక్కుంటూ బయల్దేరారో, ఆ జాడలు వేసే కాళ్లు ఎదురుగా నడిచిపోతుంటే ఇద్దరూ పక్కపక్కన నిలబడి చూశారు.

అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ కూడా భార్యతో వచ్చి కొన్నాళ్లు ఆ గుడారాల మధ్యే గడిపాడు. మ్యూరీ దంపతులు ఆ లోయ నుంచి ఒక్క కోరికతో తిరిగొచ్చారు. ఇక్కడ రోడ్లు పడకూడదు. ఊరూరా తిరిగి చిత్రాలు చూపించారు, ఉత్తరాలు రాశారు, పెద్దలను కలిశారు.

తంతి వచ్చిన రోజు

1960 డిసెంబరులో వ్యోమింగ్ ఇంటి దగ్గరి పోస్టాఫీసులో మార్డీ చేతికి ఓ టెలిగ్రాం అందింది. చెట్ల మధ్య మంచుబాటలో ఇంటికి ఉరికింది. ఓలాస్ బల్ల దగ్గర రాసుకుంటున్నాడు. కాగితం అందుకుని చదివాడు, లేచి ఆమెను దగ్గరకు తీసుకున్నాడు. ఇద్దరూ ఏడ్చేశారు. అలాస్కా ఈశాన్య మూలన 89 లక్షల ఎకరాలు ఆర్కిటిక్ వన్యప్రాణి రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. షీన్‌జెక్ ఎగువ లోయ అందులోనే ఉంది.

మూడేళ్లు తిరగకుండానే, 1963 అక్టోబరులో, ఓలాస్ కన్నుమూశాడు. ఆయన ఏళ్ల తరబడి పోరాడిన అరణ్య పరిరక్షణ చట్టం మీద 1964 సెప్టెంబరు 3న అధ్యక్షుడు జాన్సన్ వైట్‌హౌస్ తోటలో సంతకం చేసినప్పుడు మార్డీ భర్త తోడు లేకుండా నిలబడి చూసింది.

అక్కడితో ఆగిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆమె ఆగలేదు. 1977లో డెన్వర్‌లో అలాస్కా భూములపై విచారణ జరిగింది. 74 ఏళ్ల మార్డీ లేచి, తాను మనసు కదిలి మాట్లాడుతున్నానని, అందులో తప్పేముందో చెప్పమని చట్టసభ సభ్యులనే అడిగింది. ఆ గొంతులో పెళ్లినాటి మంచుదారి ఉంది, ఏటికి ఎదురు లాగిన పడవ ఉంది, షీన్‌జెక్‌లో విన్న అడుగుల చప్పుడు ఉంది. కాళ్లతో తెలుసుకున్న నేల గురించి పొడిపొడిగా మాట్లాడడం ఎవరి తరం? 1980లో వచ్చిన చట్టంతో ఆ రక్షిత ప్రాంతం రెండింతలై, దాదాపు 1.8 కోట్ల ఎకరాలకు పెరిగింది.

మార్డీ 2003లో, 101 ఏళ్ల వయసులో వెళ్లిపోయింది. భర్త పోయాక నలభై ఏళ్లు ఆమె ఒక్కతే నడిచిందని రాయవచ్చు. కానీ ఆ నడకంతా ఇద్దరూ కలిసి చూసిన నేల కోసమే. ఏడో అడుగుకు అర్థం అదే కదా!