ఆన్‌లైన్ గేమ్ సర్వరుల విపత్పరిరక్షణ

పలువురు ఆటగాండ్రు వేర్వేరు దేశములందుండి ఇంటర్నెట్ ద్వారా ఏకకాలమున పాల్గొను గేములకు ఆధారమైన సర్వరులను భూకంపము, తుపాను, వరద, పెనుగాలి మున్నగు ప్రకృతి విపత్తులనుండి కాపాడుటకును, అవి చెడినపుడు ఆ గేమును మరియొక తావున మరల నిలుపుటకును ఏర్పడిన పద్ధతులు ఈ శీర్షిక క్రిందికి వచ్చును. ఇందు ప్రధానాంగములు రెండు: ఆటగాండ్ర సంపాదనను, గేమ్ ప్రపంచపు స్థితిని ప్రతులుగా భద్రపరచు బ్యాకప్ మొదటిది; దూరస్థములైన యంత్రములను అవసరమైనంత కాలము అద్దెకు గైకొని గేమును నడుపు క్లౌడ్ హోస్టింగ్ రెండవది.

తొలినాటి గేములందు ఈ చింత స్వల్పము. 1978లో ఇంగ్లండునందలి ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా ఆరంభింపగా రిచర్డ్ బార్టిల్ పెంపొందించిన మడ్ అను అక్షరమయ క్రీడయందు, ప్రపంచమంతయు అప్పుడప్పుడు మొదటి స్థితికి వచ్చుచుండెను. ఆటగాని పేరును, అతడార్జించిన అంకములును మున్నగునవి మాత్రమే నిలుచుచుండెను. 1997లో అల్టిమా ఆన్‌లైన్, 1999లో ఎవర్‌క్వెస్ట్ వెలువడిన పిమ్మట, ఆటగాడు నిద్రించుచున్నను ఆగక సాగిపోవు శాశ్వత ప్రపంచములు బహుజనాదరణము నొందెను. ఏండ్ల తరబడి కూడబెట్టిన ఆయుధములు, కట్టుకొన్న ఇండ్లు, ఏర్పరచుకొన్న సంఘములు ఇవి యన్నియు సర్వరునందలి డేటాబేసులో తప్ప మరెందును లేవు. ఆటగాని ఇంటి కంప్యూటరులో నుండునవి ముఖ్యముగా చిత్రములు, ధ్వనులు, వానిని చూపు ప్రోగ్రాము. కావున ఆ డేటాబేసు నశించినచో ఆ లోకమే నశించినట్లు. వినోదవస్తువునకు కలిగిన నష్టమే కదా యని దీనిని త్రోసిపుచ్చుట తగదు; ఏలయన వేలమంది ఆయువులోని కొంతభాగమును, వారి స్నేహములును అందు లిఖితములై యున్నవి.

అట్టి ప్రపంచమునకు ప్రతి తీయుట సామాన్యమైన ఫైళ్ళను దాచుటకంటె క్లిష్టతరము. క్షణక్షణము మారు స్థితి సర్వరు మెమరీయందుండగా, దానిలో నిలుపదగిన భాగము మాత్రమే కొంతకొంత వ్యవధితో డేటాబేసున వ్రాయబడును. రాత్రి తీసిన ప్రతి మాత్రమే మిగిలియుండగా మరునాటి సాయంకాలము భూకంపము వచ్చినచో, నడుమ జరిగినదంతయు లేనట్లే యగును. ఆటగాండ్రు దీనిని రోల్‌బ్యాక్ అందురు. అంతకంటె చిక్కైనది మరియొకటి గలదు. ఒకడు తన ఖడ్గమును వేరొకనికి ఇచ్చిన సమయమున, ఇచ్చినవాని స్థితి ఒక క్షణమునను, పుచ్చుకొన్నవాని స్థితి మరియొక క్షణమునను ప్రతిలోనికి ఎక్కినచో, పునరుద్ధరణానంతరము ఆ ఖడ్గము ఇద్దరివద్దను ఉండును, లేదా ఎవ్వరివద్దను ఉండదు. అందువలన ప్రతి యనగా ఏకక్షణమున తీసిన సమగ్రచిత్రమై యుండవలెను. దానిని మరల నిలిపి చూచి పరీక్షింపనిదే నమ్మదగదు.

ఈ చరిత్రలో ఎక్కువగా స్మరింపదగినది 2011 మార్చి 11న జపాను ఈశాన్యతీరమున సంభవించిన 9.0 తీవ్రతగల భూకంపము. ఫుకుషిమా అణువిద్యుత్కేంద్రముతోపాటు పెక్కు విద్యుత్కేంద్రములు నిలిచిపోగా, టోక్యో ప్రాంతమున మార్చి 14 నుండి వంతులవారీగా విద్యుత్తు నిలిపివేయబడెను. జపాను తూర్పుభాగమున విద్యుత్తు 50 హెర్ట్జ్‌లును, పశ్చిమభాగమున 60 హెర్ట్జ్‌లును గలదై యుండుటచేత, మార్పిడి కేంద్రముల పరిమితశక్తికి మించి పడమటి విద్యుత్తును తూర్పునకు తరలించుటకు వీలులేకపోయెను. ఇట్టి స్థితిలో స్క్వేర్ ఎనిక్స్ సంస్థ ఫైనల్ ఫాంటసీ 11, ఫైనల్ ఫాంటసీ 14 గేముల సర్వరులను విద్యుత్తు పొదుపునకై తానే ఆపివేసి, మార్చి చివరి వారమున గాని మరల తెరువలేదు. ఆ సర్వరులు జపానునందే యుండుటవలన, అమెరికాలోను, ఐరోపాలోను భూమి కంపింపకపోయినను, అచ్చటి ఆటగాండ్రకును ద్వారములు మూతపడెను. జనులు చలిలో దీపములు లేక యుండగా వినోదయంత్రములను ఆపుట సర్వవిధముల ఉచితమైన నిర్ణయము. కాని యావత్ప్రపంచమునకు చెందిన గేమును ఒకే విద్యుద్వ్యవస్థపై ఆధారపరచుటలోని దౌర్బల్యము నాడు తేటతెల్లమయ్యెను. 2013లో ఫైనల్ ఫాంటసీ 14 నవరూపమున వెలువడినపుడు ఉత్తరఅమెరికాలోను, 2015లో ఐరోపాలోను దానికి ప్రత్యేకముగ డేటా సెంటరులు ఏర్పడెను.

జపాను భూకంపమునకు మరుసటి యేడు, అనగా 2012లో, అమెరికాలో రెండు పాఠములు లభించెను. జూన్ 29న పెనుగాలివాన వర్జీనియాను తాకినపుడు అమెజాన్ క్లౌడునకు చెందిన ఒక డేటా సెంటరులో జనరేటరులు సకాలమున భారమును వహింపలేకపోవుటచే నెట్‌ఫ్లిక్స్, ఇన్‌స్టాగ్రామ్ వంటి సేవలు నిలిచిపోయెను. అక్టోబరు 29న శాండీ తుపాను వలన న్యూయార్కు దక్షిణభాగమును సముద్రజలము ముంచివేయగా, జనరేటరులు పై అంతస్తులందు క్షేమముగ నున్నను, వానికి చమురు నందించు పంపులు నేలమాళిగలో నీట మునిగినవి. 75 బ్రాడ్ స్ట్రీట్ భవనమున ఉద్యోగులు, ఖాతాదారులు చేయిచేయి కలిపి డీజిలును బకెట్లతో మెట్లమీదుగా పదునేడంతస్తులు మోసి సర్వరులను నిలిపిన వృత్తాంతము ఈ రంగమున ప్రసిద్ధము.

2006లో అమెజాన్ సంస్థ కంప్యూటరుశక్తిని గంటలవారీగా అద్దెకిచ్చుట ప్రారంభించినప్పటినుండి, చిన్న సంస్థకును దూరదేశమున మారుయంత్రములను సిద్ధపరచుకొను అవకాశము కలిగెను. 2014లో టైటన్‌ఫాల్ గేము మైక్రోసాఫ్ట్ వారి అజూర్ క్లౌడుపై వెలువడుటయు, 2018లో గూగుల్, యూబీసాఫ్ట్ సంస్థలు కలిసి అగోనిస్ అను నిర్వాహక సాఫ్ట్‌వేరును సర్వులకు ఉచితముగ విడుదల చేయుటయు ఈ మార్గమున ముఖ్యఘట్టములు. అరగంటలో ముగియు పోటీగేములకు క్లౌడ్ మిక్కిలి అనుకూలము: ఒక నగరమున యంత్రములు చెడినచో తరువాతి ఆటను వేరొక నగరమున ఆరంభింపవచ్చును. శాశ్వత ప్రపంచముల విషయము అట్లు కాదు; వాని స్థితిని ఎప్పటికప్పుడు దూరస్థలమునకును పంపుచుండవలెను. గాజుతంతువులో కాంతి సెకనునకు సుమారు 2,00,000 కి.మీ. మాత్రమే పయనించును గనుక, 100 కి.మీ. దూరమునకు పోయివచ్చుటకు కనీసము ఒక మిల్లీసెకను పట్టును. ప్రతి వ్రాతను రెండు చోట్ల నిశ్చయపరచుకొని ముందునకు సాగు పద్ధతిలో నష్టముండదు గాని, దూరము పెరిగినకొలది గేము మందగించును. ముందు వ్రాసి పిదప పంపు పద్ధతిలో వేగము తగ్గదు గాని, విపత్కాలమున చివరి క్షణముల వ్రాతలు పోవును. ఆటగానికి సామీప్యము కావలెను, ప్రతికి దూరము కావలెను. ఈ వైరుధ్యమును ఏ సంస్థయు పూర్తిగ పరిహరింపలేదు.

దూరమును విస్మరించినవారికి కలిగిన నష్టమునకు 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరమున ఓవీహెచ్ సంస్థ డేటా సెంటరు దగ్ధమగుట నిదర్శనము. అది ప్రకృతి విపత్తు కాకపోయినను, దాని ఫలము ఏ విపత్తునకును తీసిపోదు. రస్ట్ గేమునకు చెందిన 25 ఐరోపా సర్వరుల సమాచారము మరల రాకుండ పోయెను. బ్యాకప్‌నకు రుసుము చెల్లించిన మరికొందరు ఖాతాదారుల ప్రతులు సైతము మూలసమాచారముతోపాటు అదే స్థలమున నుండి భస్మమయ్యెను. 2023లో ఫ్రెంచి న్యాయస్థానము అట్టి యొకరికి పరిహారము చెల్లింపుమని తీర్పు చెప్పెను. ప్రతి ఎచ్చట నున్నదో విచారింపక ప్రతి యున్నదని నిశ్చింతగ నుండుట ఎంత ప్రమాదమో ఇంతకంటె స్పష్టముగ తెలుపు ఉదాహరణము అరుదు.

భారతదేశమున అమెజాన్ క్లౌడ్ కేంద్రములు 2016లో ముంబయిలోను, 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతమునను ఏర్పడెను. మొదటిది సముద్రతీరమున, రెండవది భూకంపభయము స్వల్పమైన దక్కను పీఠభూమిపై, ఆకాశమార్గమున సుమారు 600 కి.మీ. ఎడముగ నుండుటచే, ఒకదానియందు నడుచు గేమునకు రెండవదానియందు ప్రతి నిలుపుకొనుటకు దేశమున వీలు చిక్కినది. ఐనను సర్వరు క్షేమముగ నుండుట ఒకటి, ఆటగాడు దానిని చేరగలుగుట మరియొకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు విద్యుత్తు, టెలిఫోను, ఇంటర్నెట్ కొన్ని దినములపాటు స్తంభించిపోగా, దూరనగరములందలి సర్వరులు ఎంత దృఢముగ నున్నను నగరవాసులకు అవి అందుబాటులో లేకపోయెను. ఇట్టి స్థితిలో గేమ్ సంస్థలు చేయదగినది కొంత గలదు: గడువుతో ముడిపడిన బహుమతుల గడువును పొడిగించుట, చాలకాలము గేమునకు రానివారి గేమ్ ఇండ్లను రద్దుచేయు నియమమును ఆ ప్రాంతమువారి విషయమున తాత్కాలికముగ నిలుపుట, చెల్లించిన చందాకాలమును ముందునకు జరుపుట.