పైడికొండల మాణిక్యాలరావు

పైడికొండల మాణిక్యాలరావు పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెము నియోజకవర్గమునకు 2014 నుండి 2019 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ప్రాతినిధ్యము వహించిన భారతీయ జనతా పార్టీ నాయకుడు. అందు తొలి సుమారు నాలుగేండ్లు దేవాదాయ ధర్మాదాయ శాఖామాత్యుడు.

పూర్వరంగము: ఏలూరునకు తూర్పుగా, కొల్లేటి సీమకు ఈశాన్యముగా, మదరాసు–కలకత్తా రైలుమార్గముపై నెలకొనిన తాడేపల్లిగూడెము, ఒకవైపు కాలువల క్రింది వరిపొలములకును మరియొకవైపు మెట్టభూములకును నడుమనుండి, ఉల్లిపాయల టోకు వ్యాపారమునకు ప్రసిద్ధికెక్కిన వర్తకపట్టణము. ఆ పట్టణమున ఛాయాచిత్రకారుడుగా జీవనోపాధి గడించుకొనిన మాణిక్యాలరావు, రాష్ట్రీయ స్వయంసేవక సంఘ శిక్షణలో పెరిగి, తన పార్టీకి ఈ జిల్లాలో చెప్పుకోదగిన బలము లేని కాలమునందే దాని జెండా పట్టి, కార్యకర్తస్థాయినుండి క్రమముగా ఎదిగెను.

శాసనసభాప్రవేశము: రాష్ట్రవిభజన జరిగిన 2014లో తెలుగుదేశము, భారతీయ జనతా పార్టీలు పొత్తు కుదుర్చుకొని పోటీచేయగా, పశ్చిమ గోదావరిలోని 15 స్థానములును ఆ కూటమికే దక్కెను. నవ్యాంధ్రలో భారతీయ జనతా పార్టీ గెలిచిన స్థానములు నాలుగు. వానిలో తాడేపల్లిగూడెము ఒకటి కాగా, కొల్లేటి యొడ్డున నున్న కైకలూరు మరియొకటి. 2014 జూన్ 8వ తేదీన ఏర్పడిన చంద్రబాబునాయుడు మంత్రివర్గమున ఆ పార్టీకి లభించిన రెండు పదవులును ఈ ఇరుగుపొరుగు సీమలకే వచ్చెను: మాణిక్యాలరావునకు దేవాదాయశాఖయు, కైకలూరు సభ్యుడు కామినేని శ్రీనివాస్‌నకు వైద్యారోగ్యశాఖయు.

అమాత్యపదవి: ఇతని హయాములోనే 2015 జులైలో గోదావరి పుష్కరములును, 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరములును వచ్చెను. గోదావరి పుష్కరముల తొలినాడే రాజమహేంద్రవరపు పుష్కరఘట్టమున జరిగిన తొక్కిసలాటలో ఇరువదిమందికి పైగా యాత్రికులు ప్రాణములు గోల్పోవుట ఆ కాలపు మహావిషాదము. దానిపై ప్రభుత్వము న్యాయవిచారణ సంఘమును నియమించెను. ఇతడు శాసనసభ్యుడుగా నుండగా, 2015లో, తాడేపల్లిగూడెమున జాతీయ సాంకేతిక విద్యాసంస్థ స్థాపితమగుట ఆ పట్టణచరిత్రలో ముఖ్యఘట్టము.

ఆంధ్రప్రదేశ్‌నకు ప్రత్యేకహోదా విషయమై కేంద్రముతో కలిగిన వివాదమున తెలుగుదేశము కేంద్రమంత్రివర్గమునుండి వైదొలగ నిశ్చయింపగా, 2018 మార్చి 8న మాణిక్యాలరావును శ్రీనివాసును రాష్ట్రమంత్రిపదవులను త్యజించిరి. తన నియోజకవర్గమునకు ప్రభుత్వమిచ్చిన హామీలు నెరవేరలేదని నిరసించి, పిమ్మట ఇతడు శాసనసభ్యత్వమును సైతము వదలుకొనుటకు సిద్ధపడెను.

తుదిదశ: 2019లో నరసాపురము లోక్‌సభ స్థానమునకు పోటీచేసి పరాజితుడయ్యెను. కరోనా వ్యాధి సోకి, విజయవాడలో చికిత్స పొందుచు 2020 ఆగస్టు 1న మరణించెను.

తాడేపల్లిగూడెమున ఇతని అనంతరము గెలిచిన కొట్టు సత్యనారాయణకును 2022లో దేవాదాయశాఖయే లభించుట గమనింపదగిన విశేషము.

అంచనా: పొత్తు వలన లభించిన పదవి పొత్తు చెడుటతోనే పోయినను, పార్టీ మారక, బలము లేని పక్షమునందే తుదివరకు నిలిచిన నిష్ఠ మాణిక్యాలరావు రాజకీయజీవితమునకు ప్రధానలక్షణము. కెమెరాయే జీవనాధారముగా బయలుదేరిన ఒక సామాన్య కార్యకర్త రాష్ట్రమంత్రివర్గమువరకు రాగలుగుట ప్రజాస్వామ్యమునకు గౌరవము తెచ్చు విషయము.