రచ్చ గెలిచి ఇంటికొచ్చిన సంగీతం

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ఆ వరుస తిరగబడ్డ కథలూ లేకపోలేదు. జపాన్ సంగీతకారుడు ఇసావో తోమిత కథ అలాంటిదే.

1932లో టోక్యోలో పుట్టిన తోమిత చిన్నతనంలో కొన్నేళ్ళు బీజింగ్‌లో ఉన్నారు. అక్కడ ఒక ప్రాచీన ఆలయం చుట్టూ గుండ్రటి గోడ ఉంది. ఒకచోట గోడ వైపు తిరిగి మెల్లగా మాట్లాడితే, దూరాన చెవి ఆనించినవారికి ఆ మాట పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది. తండ్రి చూపించిన ఆ వింత ఆయన మనసులో ఉండిపోయింది.

కేయో విశ్వవిద్యాలయంలో కళాచరిత్ర చదివి, సంగీతంలో స్థిరపడ్డారు. జాతీయ ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. 1963లో మొదలుపెట్టిన చారిత్రక ధారావాహికలలో మొదటిదానికీ, 1965లో ఒసాము తెజుకా తీసిన సింహం పిల్ల కార్టూన్ సీరియల్‌కీ సంగీతం ఆయనదే. పేరుంది, చేతినిండా పనుంది. ఇంకొకరైతే అక్కడితో తృప్తిపడేవారు.

అప్పుడు, 1968లో వెండీ కార్లోస్ మూగ్ సింథసైజర్ మీద చేసిన బాఖ్ రికార్డు ఆయన చెవిన పడింది. 1971లో చాలా డబ్బు పోసి అమెరికా నుంచి ఆ యంత్రాన్ని తెప్పించుకున్నారు. తీగలూ, మీటలూ నిండిన ఆ పెట్టెలు వాద్యమంటే కస్టమ్స్ వారు నమ్మలేదు. దాన్ని వాయిస్తున్న ఫోటో తెప్పించి చూపాల్సి వచ్చింది!

అసలు కష్టం ఇంటికి తెచ్చాక మొదలైంది. నేర్పే గురువు లేడు. పైగా ఆ యంత్రం ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. నాలుగు స్వరాలు కలిసి వినిపించాలంటే నాలుగుసార్లు వాయించి, టేపు మీద ఒకదానిపై ఒకటి పేర్చాలి. ప్రోగ్రాములో తప్పు దొరక్క రాత్రంతా కూర్చున్న నాలాంటి వాళ్ళకు ఆ ఓర్పు విలువ తెలుస్తుంది. ఫ్రెంచి స్వరకర్త దెబుస్సీ పియానో రచనలను ఏడాదికి పైగా అలా ఒక్కో స్వరంగా కట్టారు.

తీరా జపాన్ కంపెనీలు వద్దన్నాయి. ఇది శాస్త్రీయమా, పాపులరా, దుకాణంలో ఏ అరలో పెట్టాలి అన్నది వారి సందేహం. న్యూయార్క్‌లో ఆర్.సి.ఎ. సంస్థ ఆ ప్రశ్న వేయలేదు. 1974లో 'స్నోఫ్లేక్స్ ఆర్ డాన్సింగ్' పేరుతో విడుదల చేసింది. అది గ్రామీ నామినేషన్ల దాకా వెళ్ళింది. ఆ తర్వాతే స్వదేశం ఆయన్ని కొత్తగా విన్నది.

2012లో, ఎనభయ్యో ఏట, కెంజి మియజావా రచనల ఆధారంగా 'ఇహతోవ్' సింఫనీ చేశారు. అందులో ఒక గాయని పేరు హత్సునే మికు. ఆమె మనిషి కాదు, కంప్యూటర్ గొంతు. సాధారణంగా యంత్రం లయకు తగ్గట్టు మనుషులే వాయించాలి. తోమిత అందుకు ఒప్పుకోలేదు. కండక్టర్ చేతి కదలికను బట్టి మికూయే పాడేలా ఏర్పాటు చేయించారు.

తోమిత 2016లో కన్నుమూశారు. యంత్రాల మధ్యే బతుకుతున్న మనకు ఆయన వదిలివెళ్ళిన మాట ఆ ఏర్పాటులోనే ఉంది: యంత్రాన్ని ఎంతైనా ప్రేమించవచ్చు, తాళం మాత్రం మనిషి చేతిలోనే ఉండాలి.