వడిసెల త్రాడు

ఉదయగిరి దుర్గమును గుఱించి వ్రాయువారందఱు రాతిని గుఱించియే వ్రాయుదురు. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి ప్రారంభించి 1514లో ఆ కొండకోటను గజపతులనుండి గైకొనుటయు, అచ్చటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు గొనిపోయి 1515లో ప్రతిష్ఠించుటయు విద్యార్థులు సైత మెఱిగిన విషయములే. కోటగోడలు నేటికిని గలవు, శాసనములును గలవు. అయితే ఆ కొండక్రింది మెట్టచేలలో తరతరములుగా పక్షులను తోలిన సాధన మొకటి కలదు. దానిలో సగము రాయి, సగము త్రాడు. రాయి యెక్కడ పడినను రాయిగనే యుండును. త్రాడు రెండు వానలకు కుళ్లిపోవును. కావుననే వడిసెలను దలచుకొన్నవారు విసరబడిన రాతిని జూచిరిగాని విసరిన త్రాటిని జూడలేదు. మేమీ వ్యాసమున ఆ త్రాటిని గుఱించియే చెప్పదలచితిమి.

పట్టణములలో పెరిగిన చదువరులలో కొందఱు వడిసెలను జూచియుండరు. రెండు త్రాళ్లు, వాని నడుమ రాతిని బెట్టుటకు వెడల్పైన యల్లికయో తోలుముక్కయో. ఇంతియే దాని నిర్మాణము. ఒక త్రాటికొనకు ఉచ్చు వేసి దానిని వ్రేలికి దగిలింతురు. రెండవకొనను ముడివేసి బొటనవ్రేలితో నదిమి పట్టుకొందురు. తలపై ఒకటి రెండు మాఱులు త్రిప్పి, తగిన క్షణమున ముడిని వదలుదురు. విద్యయంతయు ఆ వదలుటలోనే యున్నది. వదలినకొన కొఱడావలె ఛెళ్లుమనును. మంచెపై నున్నవారికి పలుమాఱు రాతికంటె ఆ చప్పుడే యెక్కువ పనిచేయును. పిచ్చుకలగుంపు రాయి తగులకయే లేచిపోవును. చప్పుడు బాగుగ వచ్చుటకై కొనను అల్లక కుచ్చుగా విడిచిపెట్టుటయు గలదు.

ఇట్టి పనికి త్రాడెట్లుండవలెను? తెగరాదనుట అందఱకు దోచును. కాని తెగకుండుట ఒక్కటే చాలదు. సాగరాదు; సాగినచో రాయి వదలు క్షణము ప్రతిసారియు మాఱును, గుఱి చెడును. చెమటచేతిలో జారరాదు. మఱీ తేలిక కారాదు. రాయి వెడలినపిదప తేలికత్రాడు గాలికి చేతికి జుట్టుకొనును. అన్నింటికంటె ముఖ్యముగ మెలిపడరాదు. పేనిన త్రాటికి బరువు తగులగానే అది పురి విప్పుకొనజూచును. బరువు తొలగగానే మరల మెలి తిరుగును. అల్లిన త్రాటిలో పాయలు ఎదురెదురుగ దాటుచుండుటచే ఒకదాని తిరుగుడును మఱియొకటి యడ్డగించును. అందువలననే వడిసెలకు పేనుట చాలదు, అల్లవలెను. ఆడపిల్లకు మూడుపాయల జడ వేసిన ప్రతి తల్లికిని ఈ సూత్రము చేతులకు దెలిసినదే.

తెలుగున ‘వడి’ యనగా వేగము, త్రాటికి బెట్టు పురియును వడియే. వడిసెలయను పేరులో నున్న వడి యేదియో పండితులు తేల్చుకొందురుగాక. మాకు మాత్రము పురియే ముందు, వేగము తరువాతయని తోచును.

ఏ దేశమువారైనను త్రాటికై దూరము పోలేదు. ఈజిప్టున 1922లో బయల్పడిన తుతన్ ఖామన్ రాజు సమాధిలో అవిసెనారతో నల్లిన వడిసెలలు దొరకినవి. ఆ పొడినేల కుళ్లనీయలేదు గనుకనే అవి మనకు మిగిలినవి. మధ్యధరా సముద్రమందలి బలియారిక్ దీవులవారు వడిసెలకు ప్రాచీనకాలమున పేరుపొందినవారు. వారు ఒకజాతి తుంగతోనో, వెండ్రుకలతోనో, నరములతోనో వడిసెలలు చేసికొనిరనియు, దూరమునకు పొడవుది, దగ్గఱకు పొట్టిది, నడిమికి నడిమిది వాడిరనియు గ్రీకు గ్రంథకర్త స్ట్రాబో వ్రాసెను. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతవాసులకు లామా, అల్పాకా మృగముల ఉన్నియే ఆధారము. ఉన్నికి సాగుగుణ మున్నను, మిక్కిలి బిగువుగ నల్లి దానిని వారు చాలవఱకు అణచిరి.

ఉన్నియనగానే మన సీమలోని ఒక విశేషము చెప్పవలసియున్నది. కర్నూలు, అనంతపురము, తెలంగాణ భాగములలో నల్లగొఱ్ఱెలు ఉన్ని నిచ్చును. కురుబలు, కురుమలు దానితో కంబళ్లు, గొంగళ్లు నేయుదురు. ఉదయగిరి, ఆత్మకూరు చేలగట్లపై మేయునది నెల్లూరు గొఱ్ఱె. పొడవున భారతదేశపు గొఱ్ఱెలలో దానిదే పైచేయి. కాని పల్లయైనను, జోడిపియైనను, డోరయైనను దాని యొడలిపై నున్నవి పొట్టి వెండ్రుకలే; కత్తిరించి వడకదగిన ఉన్ని లేదు. మంద యెంత పెద్దదైనను ఈ ప్రాంతపు కాపరికి త్రాడు గొఱ్ఱెనుండి రాదు, మొక్కనుండియే రావలెను. వెలిగొండలు దాటి పడమటికి బోయినచో మాఱిపోవు సంగతి యిది. ఒకే తెలుగుభాష, ఒకే వడిసెల, త్రాడు వేఱు.

మొక్కలలో మొదట జెప్పదగినది జనుము. సంస్కృతమున శణమన్న దిదియే. మనుస్మృతి బ్రాహ్మణునకు ముంజమేఖలయు, క్షత్రియునకు మూర్వతో జేసిన వింటినారియు, వైశ్యునకు శణపుత్రాడును విధించినది. ఎవరి మొలకు ఏ నారయని యింత జాగ్రత్తగ పంచిపెట్టిన శాస్త్రకారుడు, ఆ నారను నడుములోతు నీట నిలిచి తీసినవానిని గుఱించి ఒక్కమాటయు జెప్పడాయెను. ఈ విషయమున కౌటిల్యుడు మేలు. 1905లో మైసూరున ఆర్. శామశాస్త్రిగారు కనుగొని 1909లో ప్రకటించిన అర్థశాస్త్రమున, ఆయుధాగారాధ్యక్షుని ప్రకరణమందు, యంత్రముతోను వడిసెలతోను చేతితోను విసరు రాళ్లు అశ్మాయుధములలో జేరినవి. అదే ప్రకరణమున వింటినారికి తగిన ద్రవ్యములుగ మూర్వ, జిల్లేడు, జనుము, గవేధువు, వెదురు, నరము పేర్కొనబడినవి. వడిసెలత్రాటికి ప్రత్యేకముగ పట్టిక లేదు. అయినను వింటినారియు వడిసెలత్రాడును కోరు గుణమొక్కటియే: బలముండి సాగకుండుట. ఆ పట్టికలోని జనుము, జిల్లేడు, మూర్వ మూడును మన మెట్టసీమలలో నేటికిని మొలచునవే. మూర్వను మనవారు చాగయందురు.

జిల్లేటినార సన్నము, తెలుపు, గట్టిది. కాని నీట నానవేసినచో చెడును, కాడ కాడకు చేతితో నొలువవలెను. ఒక్క వడిసెలకు వలయు నార దీయుటకు దినములు పట్టును. చాగ ఆకునుండి వచ్చునది మేలైన నారయే, పరిమాణమే స్వల్పము. సామర్లకోటలో పనిచేసి 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు బోయిన రాక్స్‌బర్గు దొర ఈ నారలను శ్రద్ధతో పరిశీలించెను. చాగజాతి మొక్కయొక్క శాస్త్రనామమున నేడును ఆయన పేరున్నది. గోగు మన వంటయింటిదే. ఆకు గోంగూరయై విస్తరికెక్కినపిదప కాడ నారయగును. కట్టెలమోపునకు అది చాలును; మాటిమాటికి ఒకేచోట వంగు వడిసెలకు జనుమంత యోర్వదు. ఇక గట్లపై ముండ్లతో నిలుచు కిత్తలి బలమైన నారనే యిచ్చును, కాని బిరుసు. వ్రేలియుచ్చు దగ్గఱ ముందు తెగును. పైగా కిత్తలి అమెరికానుండి వచ్చినది. రాయలసైన్యము ఉదయగిరి క్రింద విడిసిననాడు ఈ గట్లపై అది లేదు. కొబ్బరిపీచు కోస్తావారికి నీటిపనులలో దొడ్డమేలు చేసినదేగాని మిక్కుటముగ సాగును. ప్రత్తినూలు చేతికి మెత్తన, అదియును సాగునదే.

కడకు జనుమే మిగులును. తడిసినను బలము తగ్గదు; వలలు కట్టువారు దానిని కోరుట అందులకే. దాని మంచిచెడ్డలు మాత్రము మొక్కలో గాక నీటిలో నిర్ణయమగును. పూతదిగి పిందె పట్టు నదనున కోసి, కట్టలుగట్టి కుంటలో నానవేయుదురు. నీరు వెచ్చగ నున్న మూడు నాలుగు దినములు, చలిగ నున్న వారము. ముందు దీసినచో జిగురు విడువక నార కఱ్ఱవలె నుండును. ఆలసించినచో నారయే చివుకును. చేయిపెట్టి ఒక కాడను విఱిచి, బెరడు జారుట చూచి చెప్పవలసినదేగాని దీనికి గడియారము లేదు. పిదప ఒలిచి, బండపై నుతికి, ఎండబెట్టి, చిక్కుదీసి, పోగులను సన్నముగ పేని, ఆ పేనిన వానిని పాయలుగ బట్టి అల్లుదురు. నానవేసిన కుంట కంపుకొట్టును. త్రాగునీటి చెఱువున ఈ పని చేయరాదని వేఱుగ జెప్పనక్కఱలేదు.

నడిమి తోలుముక్క మాదిగలు ఊనిన తోలుది. ఆ తోలు మన చేనిని కాచుచుండగా, ఆ చేతులను మన ముంగిట నిలువనీయని దినములును ఈ వడిసెల చరిత్రలోనివే.

మంచెపై నిలిచినదెవరో కూడ చెప్పక తప్పదు. 1946–51 నడుమ తెలంగాణ రైతాంగపోరాటమున గ్రామీణులు వడిసెలలు పట్టి రజాకార్ల నెదిరించినది ప్రసిద్ధము. అచ్చట స్త్రీలును పురుషులును పట్టిరి. మామూలు దినములలో పట్టినవారు పిల్లలు, అందును బాలికలు. జొన్న పాలుపట్టినది మొదలు కంకి కోయువఱకు హాజరుపట్టీలో వరుసగ పడు గీతలను మావంటి ఉపాధ్యాయులు చాలమంది యెఱుగుదురు. కొందఱు మరల రాలేదు. విద్యాహక్కు చట్టము 2009లో పుట్టి 2010 ఏప్రిలు 1న అమలులోనికి వచ్చినది. వడిసెలను మెచ్చుకొను పాటలు మాకును ఇష్టమేగాని, మంచె దిగి బడికి వచ్చిన పిల్ల మాకు అంతకంటె ఇష్టము. అల్లిక సెలవుదినమున ఇంటనే నేర్పవచ్చును.

నేడు జొన్న తగ్గినది. ఉన్న చేలపై మెఱపుకాగితపు పట్టీలు, వలలు కనబడును. వడిసెల యల్లువారును దుకాణపు నైలాను త్రాటినో, ఎరువులసంచి పోగులనో అందుకొనుచున్నారు. నైలాను జనుముకంటె బలమైనదే, కాని బరువునకు సాగి ముడుచుకొనును. ప్లాస్టిక్ పోగులు జారును, ఎండకు పెళుసెక్కును. పక్షులను బెదరించుటకు ఏదైనను చాలునేమో, గుఱికి చాలదు.

ఉదయగిరి చెక్కగరిటెలకు ప్రభుత్వపు భౌగోళిక గుర్తింపు లభించినది. అవి దూరపట్టణములలో సైతము అమ్ముడగుచున్నవి. జనుపవడిసెల అంగడిలో దొరకదు. కావలసినవారు అల్లెడివారి ముంగిటకే పోయి యడుగవలెను. అడుగునప్పుడు త్రాడు ఎంత లావని యడుగక, నార ఎన్నినాళ్లు నానినదని యడుగుడు.