చెన్నపట్టణ నగరసభ, మేయరు పీఠము

భారతదేశమందలి నగరపాలక సంఘములలో వయోజ్యేష్ఠము చెన్నపట్టణమునది. 1688వ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీన ఆ సంఘము ప్రారంభమైన నాటికి మొగలు సింహాసనమున ఔరంగజేబు ఉండెను; గోలకొండ దుర్గము ఆతని వశమై ఇంచుమించు ఒక సంవత్సరము మాత్రమే గడచియుండెను; కలకత్తాలో ఆంగ్లేయులు ఇంకను స్థిరపడియే యుండలేదు. అట్టి కాలమున, వరిచేలకును తాటితోపులకును నడుమ వెలసిన ఒక వర్తకస్థావరమునకు లండను నగరపు మర్యాదలతో మేయరు, ఆల్డర్మన్లు, దండధారులు ఏర్పడుట విచిత్రమనిపింపవచ్చును గాని, ఆ విచిత్రము వెనుక నున్న కారణము మిక్కిలి లౌకికమైనది. అది పన్ను.

1639వ సంవత్సరమున వందవాసి ప్రభువగు దామెర్ల వెంకటాద్రి నాయకుడు సముద్రతీరమందలి ఈ భూఖండమును ఈస్టిండియా కంపెనీవారి కొసంగెను. కోటకు వెలుపల ఏర్పడిన పట్టణమునకు ఆతని తండ్రి చెన్నప్ప నాయకుని పేరు నిలిచెను. ఆరంభదశయందు పట్టణపాలనమంతయు మన గ్రామవ్యవస్థయే. తగవులు తీర్చుటకు అధికారి యుండెను; లెక్కలు వ్రాయుటకు కరణ ముండెను; రాత్రివేళ కావలి కాయుటకు తన తలారులతో పెద్దనాయకు డుండెను. దొంగతనము జరిగిన పోయిన సొత్తునకు పెద్దనాయకుడే బాధ్యుడను కట్టుబాటు ఆనాడు చెల్లుచుండెను. పెద్దనాయకునిపేట యను పేరు నేటికిని ఆ నగరమున నిలిచియున్నది. కాని జనసంఖ్య పెరిగినకొలది వీథులలో చెత్త పేరుకొనెను, మురుగు నిలిచెను, కోటగోడల వ్యయము పెరిగెను. ఈ ఖర్చులను జనులే భరింపవలెనని కంపెనీవారు తలపోసిరి. 1686వ సంవత్సరమున గవర్నరు గిఫర్డు ఇండ్లపై పన్ను విధింపబూనగా పట్టణవాసులు అంగళ్ళు మూసివేసి గట్టిగా ప్రతిఘటించిరి. ఓట్లు లేని కాలమున, సభలు లేని కాలమున, సామాన్యప్రజ పన్ను విషయమున తన మాటను వినిపించిన సందర్భములలో నిది యొకటి. మేయరు పుట్టుకకు ముందు ఈ మూసిన అంగళ్ళున్నవని మనము మరువరాదు.

లండనులో కంపెనీ వ్యవహారములను శాసించుచుండిన సర్ జోసయా చైల్డు దీనికొక ఉపాయము కనిపెట్టెను. బలిమిని పన్ను రాబట్టుటకంటె పట్టణమందలి వివిధజాతుల పెద్దలనే ఒక సభగా కూర్చి, వారికి అంగీలును బిరుదులును ఇచ్చి, వారి తీర్మానముచేతనే పన్ను వేయించిన జనులు ఇష్టపూర్వకముగ చెల్లింతురని ఆతని యూహ. డచ్చివారు తమ తూర్పుదేశ పట్టణములయందు ఇట్టి సభలచేత లాభము పొందుచుండుట ఆతడు గమనించియుండెను. రెండవ జేమ్సు రాజు అంగీకారముతో 1687 డిసెంబరు 30వ తేదీన కంపెనీ ముద్రతో శాసనపత్రము వెలువడెను. ఒక మేయరు, పన్నెండుగురు ఆల్డర్మన్లు, అరువదిమందియో అంతకు మించియో బర్జెస్సులు, అనగా పౌరసభ్యులు: ఇది సభాస్వరూపము. నాథానియేల్ హిగ్గిన్సన్ ప్రథమ మేయరు. గవర్నరు ఎలైహూ యేలు. ఆల్డర్మన్లలో ఆంగ్లేయులతోపాటు పోర్చుగీసువారును, వజ్రవ్యాపారము చేయు యూదులును, చిన్న వెంకటాద్రి, ముద్దు వీరన్న, అళగంత పిళ్ళై అను మువ్వురు హిందూ వర్తకులును ఉండిరి. వేర్వేరు మతములవారు, వేర్వేరు భాషలవారు ఒక్క బల్లచుట్టు సమానగౌరవముతో కూర్చుండు సభ ఆ కాలపు లండనులో సయితము లేదు. లాభాపేక్షచేత కలిగినదైనను ఆ సమానత గొప్పదే.

ప్రారంభోత్సవమునాడు మేయరును ఆల్డర్మన్లును ఎర్రని ఉన్ని అంగీలు దాల్చి, బర్జెస్సులు తెల్లని చీనాపట్టు ధరించి ఊరేగిరి. వారి ముందు దండములు నడచుటకును, వారిపై గొడుగులు పట్టుటకును శాసనము అనుమతించెను. ఛత్రము మన దేశమున రాజలాంఛన మని చైల్డు ఎరిగియే ఆ గౌరవమును ప్రసాదించియుండును. అయితే ఈ వైభవమునకు తగిన కార్యము మాత్రము జరుగలేదు. సభాభవనము, చెరసాల, మురుగుకాలువలు, ఈ దేశపు బాలురకు ఇంగ్లీషు చదువును వర్తకపు లెక్కలను నేర్పు పాఠశాల, ఇవన్నియు పన్ను సొమ్ముతో నిర్మింపవలసినవి. పన్ను వసూలు కాలేదు. అంగీ తొడిగిన పెద్దమనిషి అడిగినంతమాత్రమున తనకు నచ్చని పన్నును చెల్లించువాడు కాడని పట్టణవాసి తేల్చివేసెను. తుదకు మిగిలినది మేయరు న్యాయస్థానము మాత్రమే. వ్యాజ్యములను విచారించి తీర్పు చెప్పుటయే ఆ తరువాతి శతాబ్దమంతయు మేయరు ప్రధానకృత్యమయ్యెను.

1726వ సంవత్సరపు నూతన శాసనముతో ఆ తొలి సభలోని విశాలత్వము పోయెను. మేయరునకు తోడు తొమ్మిదిమంది ఆల్డర్మన్లు ఉండవలెను. మేయరును, వారిలో ఏడుగురును బ్రిటిషు ప్రజలై యుండవలెను. చిన్న వెంకటాద్రి వంటివారికి ఆ బల్లచెంత చోటు లేకపోయెను. 1798లో మేయరు న్యాయస్థానమును తొలగించి రికార్డరు కోర్టును స్థాపించుటతో మేయరను పేరును నగరమునుండి మాసిపోయెను. అటుపై వీథులు ఊడ్పించుట, పన్ను కూర్చుట మొదలగు పనులను జస్టిస్ ఆఫ్ ది పీస్ అను అధికారులు చూచుకొనిరి. 1867వ సంవత్సరపు చట్టము నగరమును ఎనిమిది వార్డులుగ విభజించి 32 మంది కమీషనర్లను ఏర్పరచెను గాని వారందరును ప్రభుత్వము నియమించినవారే. 1878లో వారిలో సగమును ఎన్నుకొను హక్కు పన్ను చెల్లించువారికి లభించెను. 1882 మే నెలలో వైసురాయి రిప్పను ప్రభువు స్థానికస్వపరిపాలనను గూర్చి తన సుప్రసిద్ధ తీర్మానమును ప్రకటించెను. ఆ వెనుకనే ఎన్నికైనవారి సంఖ్య పెరిగెను. ఎర్రబాలు చెట్టి వీథిలోని భవనమున జరుగుచుండిన సంఘకార్యాలయము 1913లో తన నూతన మందిరమునకు మారినప్పుడు, ఆ శ్వేతసౌధమునకు రిప్పను పేరే పెట్టుట కృతజ్ఞతాపూర్వకమైన పని.

ఈ సభను నిజముగ ప్రజలసభగ మార్చినవారిలో అగ్రగణ్యుడు మన తెలుగువాడే. 1852లో నేతవృత్తిగల దేవాంగ కుటుంబమున జనించిన పిట్టి త్యాగరాయ శెట్టి ఉత్తర చెన్నపట్టణమున, సాలెవారును చాకలివారును చిన్నకూలీలును నివసించు పేటలలో పెరిగి, ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టము పొంది, 1882 ప్రాంతమున సంఘసభ్యుడై నాలుగు దశాబ్దములు ఆ సభను విడువలేదు. సభలో ఆయన వాదపటిమకు ఒక ఉదాహరణము చాలును. తిరువల్లిక్కేణి పార్థసారథి స్వామి కోనేటికి సంఘము నీరిచ్చుచున్నందున దేవస్థానము రుసుము చెల్లింపవలెనని తోటిసభ్యుడగు డాక్టరు టి. ఎం. నాయరు పట్టుపట్టగా త్యాగరాయ శెట్టి దానిని తీవ్రముగ ప్రతిఘటించెను. ఇరువురును విరోధులైరి. ఆ ఇరువురినే డాక్టరు నటేశ మొదలియారు కలుపగా 1916లో దక్షిణభారత ఉదారవాద సమాఖ్య, అనగా జస్టిసు పార్టీ, అవతరించెను. కోనేటినీటిపై కలహించిన ఇద్దరు రాజధానిరాజకీయములనే మార్చివేసిరి. నగరసభలోని వాదములు చిన్నవని తలచువారు ఈ వృత్తాంతమును జ్ఞాపకముంచుకొనవలెను.

1919వ సంవత్సరపు నగరపురపాలక చట్టము సంఘమును క్రొత్తగ నిర్మించెను. సభ్యులు 50 మంది. అంతకు పూర్వము ప్రభుత్వోద్యోగియగు అధ్యక్షుడే సభను నడుపుచు, సభ చేసిన తీర్మానమును తానే అమలుజరుపుచుండగా, ఇప్పుడు సభ తన అధ్యక్షుని తానే ఎన్నుకొన నారంభించెను. అమలుజరుపు భారము కమీషనరునకు చెందెను. ఆర్థికవ్యవహారములు స్థాయీసంఘము పరిశీలనమునకు వచ్చెను. ఎన్నికైన మొదటి అనధికార అధ్యక్షుడు త్యాగరాయ శెట్టి. 1920లో ముఖ్యమంత్రిపదవి తన వాకిటికి వచ్చినను ఆయన స్వీకరింపక ఈ పీఠముననే యుండెను.

అధ్యక్షుని హోదాయందు ఆయన నడపిన కార్యములలో నాకు అన్నింటికంటె పూజ్యముగ తోచునది 1920 సెప్టెంబరు 16వ తేదీనాటి సభాతీర్మానము. థౌజండ్ లైట్స్ ప్రాంతమందలి సంఘపాఠశాలలోని పిల్లలకు మధ్యాహ్నము ఫలహారము పెట్టుటకు, దినమునకు పిల్లవాని కొక అణాకు మించని ఖర్చుతో, ఆ సభ అనుమతి నిచ్చెను. బడికి రాని పిల్లలను గూర్చి ఎన్ని నివేదికలు వ్రాసినను ఫలములేదనియు, ఆకలిగొన్న బిడ్డకు అక్షర మెక్కదనియు తెలిసినవారు మాత్రమే ఇట్టి తీర్మానమును చేయగలరు. పేద పేటలలో నివసించి, నేతగాండ్ర యిండ్లలోని పూటగడవని స్థితిని కన్నులార చూచిన అధ్యక్షునికి అది తెలియుటలో ఆశ్చర్యములేదు. ఆ పథకము మరికొన్ని పాఠశాలలకు వ్యాపించి, ప్రాథమికవిద్యానిధినుండి ఈ వ్యయము చేయరాదను ప్రభుత్వపు అభ్యంతరముచేత 1925లో ఆగిపోయి, మరల మొదలయ్యెను. నేడు దేశమంతట కోట్ల పిల్లలు బడిలో తినుచున్న మధ్యాహ్నభోజనమునకు ఆద్యమైన ప్రయత్నములలో నొకటి, నగరసభ కార్యక్రమపత్రికలోని ఇట్టి యొక్క అంశము. మహాశాసనసభలు చేయలేని కార్యమును పురపాలకసభ చేసిన దనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. రిప్పను భవనము ముంగిట ఆయన విగ్రహము నిలిచియున్నది. త్యాగరాయనగరము ఆయన పేరును, దాని నడుమనున్న పార్కు మన కాళహస్తిసీమకు చెందిన పానగల్లు రాజా పేరును ధరించియున్నవి.

1933వ సంవత్సరమున చట్టము సవరింపబడి అధ్యక్షునికి మేయరను బిరుదు మరల కలిగెను. నూట ముప్పదియైదేండ్లు మాసియున్న పేరు తిరిగి వచ్చినప్పుడు దానిని మొదట ధరించినవాడు కుమారరాజా ముత్తయ్య చెట్టియారు. ఎర్రని అంగీ, బంగారు గొలుసు, వెండి దండము కూడ వచ్చినవి. కాని ఈ మేయరు 1688 నాటివాడు కాడు, న్యాయాధిపతి కాడు. సభ నడుపుట, ప్రశ్న అడుగదలచిన సభ్యునికి అవకాశమిచ్చుట, సమానముగ చీలిన ఓట్ల నడుమ నిర్ణాయకమైన ఓటు వేయుట, నగరము తరఫున అతిథిని ఆహ్వానించుట ఆతని విధులు. ఉద్యోగిని నియమింపలేడు, సొమ్మును తానై వెచ్చింపలేడు. కలముపట్టి ఉత్తరువు చేయువాడు కమీషనరే. ఆతని బలమంతయు మాటయందును, పట్టుదలయందును, తన వెనుకనున్న నగరమందును ఉండవలెను. 1937లో జె. శివషణ్ముగం పిళ్ళై ఆ పీఠ మెక్కినప్పుడు, దళితుడొకడు దక్షిణాపథపు ప్రధాననగరమునకు ప్రథమపౌరుడై, ఎందరో గుడిలోనికి రానీయని జాతివానికి సభ లేచి నిలిచి గౌరవము చేయవలసివచ్చెను. కలములేని పదవికిని ఎంత శక్తి యుండగలదో ఆ యొక్క దృశ్యమే చెప్పును.

ఆ శక్తిని నీటికై వినియోగించినవాడు కాంగ్రెసు నాయకుడు ఎస్. సత్యమూర్తి. చెన్నపట్టణమునకు నీటికరవు జన్మతః వచ్చినది. 1872లో రెడ్ హిల్స్ చెరువునుండి నీరు తెచ్చిరి. 1914లో కీల్పాకమున నీటిని వడకట్టు కర్మాగారము కట్టిరి. అయినను వాన తప్పిన యేట కొళాయిలు ఎండుచునే యుండెను. 1939లో మేయరైన సత్యమూర్తి, యుద్ధము మొదలైన కాలమున, కాంగ్రెసు మంత్రివర్గము వైదొలగి ప్రభుత్వము గవర్నరు చేతిలోనున్న కాలమున, పూండి వద్ద కొర్తలయారు నదికి అడ్డముగ జలాశయము కట్టితీరవలెనని పట్టుపట్టెను. తాను జీవితమంతయు ఎదిరించిన ప్రభుత్వముచేతనే అంగీకరింపజేసెను. 1940లో గవర్నరు ఆర్థరు హోపు పునాది వేసెను. పని 1944లో ముగిసెను. అప్పటికి సత్యమూర్తి లేడు. 1943 మార్చిలో మరణించెను. జలాశయమునకు ఆయన పేరు నిలిచెను.

ఇక తెలుగువారికి బాధాకరమైన ఘట్ట మొకటి కలదు. 1952 డిసెంబరు 15వ తేదీన పొట్టి శ్రీరాములు ఆంధ్రరాష్ట్రమునకై ఉపవసించి ఆ నగరమునందే ప్రాణములు విడిచిన తరువాత, చెన్నపట్టణము ఎవరిదను వివాదము మిన్నుముట్టినప్పుడు, మేయరు చెంగల్వరాయన్ నేతృత్వమున నగరసభ పట్టణము తమిళులకే చెందవలెనను పక్షము వహించెను. చెన్నప్ప పేర వెలసిన పట్టణమున, చిన్న వెంకటాద్రి కూర్చుండి, త్యాగరాయ శెట్టి అధ్యక్షత వహించిన సభ ఇట్లు పలుకుట మనవారి హృదయములను గాయపరచినమాట నిజము. అయినను తన్నెన్నుకొన్న జనులలో అధికసంఖ్యాకుల యభిమతమును పలుకుట సభకు విధి. ఆ విధిని అది నెరవేర్చిన దని ఒప్పుకొనుటయే న్యాయము.

1956లో తారా చెరియన్ తొలి మహిళా మేయరయ్యెను. ఆ తరువాతి దశాబ్దములలో సభలో పార్టీల పట్టు పెరిగెను. 1973లో హాజరుపట్టీల అక్రమములు వెలువడగా ప్రభుత్వము సభను రద్దుచేసెను. అక్రమము చేసినవారిని శిక్షింపవలసినదే. కాని శిక్ష నగరమునకే పడినది. ఇరువదిమూడేండ్లు ఎన్నికలు లేవు, మేయరు లేడు, వీథిలో నీరు రాలేదని లేచి అడుగు సభ్యుడు లేడు. నగరము ఆ కాలముననే బ్రహ్మాండముగ పెరిగినది. ఆ పెరుగుదలను గూర్చి ప్రశ్నించు సభ మాత్రము లేకపోయినది. ఒక్క తరమువారు తమ వార్డునకు ప్రతినిధి యుండునని ఎరుగకయే పెద్దవారైరి. పురపాలకచరిత్రలో నింతకంటె పెద్ద లోపము నాకు కనబడదు. 1996లో ఎన్నికలు జరిగి, ప్రజలే సూటిగ ఎన్నుకొన్న మేయరు పీఠమధిష్ఠించెను. ఆ సంవత్సరముననే శ్రీశైలమునుండి సోమశిల, కండలేరుల మీదుగ తెలుగుగంగ కాలువలో ప్రవహించిన కృష్ణాజలము తొలిసారి పూండి జలాశయమును చేరెను.