మదరాసు దీపం మారిన చోట్లు

నేను తుంటరి పని చేసినప్పుడల్లా మా అవ్వ "వీడు పెద్ద ఎమ్డన్" అంటుంది. చెన్నైలో తమిళం వాళ్లు కూడా ఈ మాట అంటారు. అది ఒక జర్మన్ యుద్ధనౌక పేరని ఈ వ్యాసం కోసం చదివినప్పుడే నాకు తెలిసింది. ఆ ఓడకీ మన ఊరి లైట్‌హౌసుకీ సంబంధం ఉంది.

మదరాసులో మొదటి దీపం 1796లో సెయింట్ జార్జి కోటలో ఒక మేడ మీద పెట్టారు. ఇప్పుడు ఆ మేడలో కోట మ్యూజియం ఉంది. కొబ్బరినూనెతో వెలిగించేవారు. అప్పటికి ఇక్కడ హార్బరే లేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే మనుషుల్నీ సరుకుల్నీ మసూలా పడవల్లో అలలు దాటించి ఒడ్డుకు చేర్చేవారు. 1844లో కోటకు ఉత్తరాన రాతి స్తంభం కట్టి దీపాన్ని దానిపైకి మార్చారు. తర్వాత ఆ పక్కనే అంతకంటే ఎత్తుగా హైకోర్టు లేచింది. 1894లో దీపం కోర్టు గోపురం ఎక్కింది. పాత స్తంభం ఇప్పటికీ కోర్టు ఆవరణలోనే ఉంది, దీపం లేకుండా.

1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం మొదలైనా ఊళ్లో దీపాలు ఆర్పలేదు. లైట్‌హౌసు కూడా వెలుగుతూనే ఉంది. మన ఓడలకు దారి చూపే దీపమే శత్రువుకీ ఊరు ఎక్కడుందో చూపింది! ఎమ్డెన్ హార్బరు ముందుకు వచ్చి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులను పేల్చింది. అరగంటలోపే చీకట్లోకి వెళ్లిపోయింది. హైకోర్టు గోడకు కూడా గుండు తగిలింది. అక్కడ ఫలకం పెట్టారు. భయంతో జనం ఊరొదిలి పోయారు. అప్పటినుంచే ఆ పేరు తిట్టుగానూ మెప్పుగానూ మిగిలింది.

1977 జనవరిలో దీపం మళ్లీ మారింది, ఈసారి దక్షిణాన మెరీనాకు. అప్పటికి మా తాత కాశిమేడులో కట్టమరం మీద వేటకు వెళ్లే కుర్రవాడు. "కోర్టు దీపం చూసుకునే ఇంటికి వచ్చేవాళ్లం రా. అది ఆరిపోయాక కన్ను కుదరలేదు. ఒక రాత్రి వానలో కొత్త దీపాన్నే పాతదనుకుని దక్షిణంగా పోయాం. తెల్లారేదాకా మా అమ్మ ఒడ్డునే కూర్చుంది" అన్నాడు. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పోయిన నెల నాన్నతో మెరీనా లైట్‌హౌసు ఎక్కాను. లిఫ్టు ఉంది. పైనుంచి కోర్టు గోపురం వెతికి పట్టుకుని తాతకు ఫోన్ చేశాను.

"దానికి ఇంకా ఉత్తరంగా చూడు. మన ఇల్లు అక్కడే" అన్నాడు.